నీ ఫోటోల సంగతి

దూలపల్లి,
ఆదివారం పొద్దున.

చిరంజీవి స్రవంతికి అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం మంచిగున్నమని రాసుడు అలవాటు. 'అందరం' అని రాయబోతె చెయ్యి ఆగింది. ఇంట్ల నేనొక్కదాన్నే గద బిడ్డా. నేను మంచిగనే ఉన్న. నువ్వు, ఎల్లేషు, పాప ఆమని సల్లగ ఉండాలె.

నీ ఉత్తరం మంగళారం అందింది. పోస్టాయన గేటు కాడ నిలవడి "గుజరాత్ నుంచి వచ్చిందమ్మా, వాపి అట" అన్నడు. సంతకం పెట్టి తీసుకున్న. ఎనిమిదేండ్లకు నీ రాత చూసిన. గుడి ఇచ్చే కాడ పైకి గుంజి వదిలేసుడు నీకు ఇంక పోలేదు. ఫోన్ నంబరు రాయలే, వట్టి అడ్రసే రాసినవ్. మంచి పని చేసినవ్. ఫోన్ల అయితే గీ మాటలు నా నోట్లకెళ్లి రావు. కాయితం మీద అయితే కొట్టేసి మళ్ల రాసుకోవచ్చు. ఇది నాలుగో కాయితం.

నువ్వు అడిగినయి చెప్త. నా మోకాలు గట్లనే ఉన్నది. మెట్లు ఎక్కేటప్పుడు ఏం గాదు, దిగేటప్పుడే పానం పోతది. షామీర్‌పేట దిక్కు మన పొలం ఇప్పుడు చూస్తె నువ్వు గుర్తువట్టవు. బాయి పూడ్చిన్రు. దాని మీద ఎవరో రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నరు, ముంగట బోగన్‌విల్లా పెట్టిన్రు. మీ పెద్దనాయిన ఓదెలు సర్పంచ్ ఎలక్షన్ల ఓడినంక మాట తగ్గించిండు. ఊర్లనే ఉంటున్నడు, మనింటికి ఎప్పుడన్న వస్తడు. నువ్వు పనికి పోయిన తుర్కపల్లి కంపెనీ క్యాబ్‌లు ఇంక మన సందు మూలనే ఆగుతున్నయి. పొద్దున ఆరింటికి హారన్ కొడితె, నీకు డబ్బా కట్టలేదని ఉలిక్కిపడి లేస్త. లేసినంక యాదికొస్తది.

పాప గురించి రాసిన ముక్క మస్తు సార్లు చదివిన. బళ్లె టీచర్ 'నువ్వు ఎవరి పోలిక' అని అడిగితె ఎల్లేష్ వాళ్లమ్మ ఫోటో పట్టుకపోయి చూపించిందట గద. 'మరి అమ్మ చిన్నప్పటి ఫోటో ఏది' అని నిన్ను పరేషాన్ చేస్తున్నదట. 'నాయిన అన్నీ కత్తిరించిండని అప్పుడు నువ్వే చెప్పినవ్ గదమ్మా, ఏదన్న ఒక్కటి మిగిలిందా' అని అడిగినవ్. నాయిన పోయిన సంగతి ఎల్లేష్ దోస్తులు చెప్తె తెలిసిందని రాసి, ఇంకోటి గూడ అడిగినవ్, అన్నిటికంటె కింద, చిన్న అక్షరాలతోటి. 'పోయేముందు నాయిన నన్ను అడిగిండా' అని.

రెండిటికీ జవాబు ఉన్నది. కొంచెం ఎనకకెళ్లి చెప్పుకుంట వస్త.

మీ నాయిన పోయిన రెండు నెలలకు డెత్ సర్టిఫికెట్ జిరాక్స్‌లు తీయించనీకి సందు మూలకున్న బిందు దుకాణానికి పోయిన. బిందు నీ ఈడు పిల్లే. జిరాక్స్, లామినేషన్, బడి సామాన్లు పెట్టుకున్నది. దుకాణం ఎనక అర్రల ఐదారుగురు ఆడోళ్లు కింద కూసోని రంగు కాయితాలు కత్తిరిస్తున్నరు, అట్టల మీద ఫోటోలు అంటిస్తున్నరు.

"ఏంది బిడ్డా, పిల్లల బడి పనా?" అన్న.

"కాదాంటీ, స్క్రాప్‌బుక్. ఫోటోలు, బస్సు టికెట్లు, పాత చీర ముక్క, మన ఇంట్ల ఏది ఉంటె అది అంటించి మనోళ్ల కథ చెప్పుకునుడు. శనివారం శనివారం గీ డబ్బాలకెళ్లి ఒక చిట్టీ తీస్తం. అండ్ల ఒక ఛాలెంజ్ ఉంటది. వారంల దాని ప్రకారం ఒక పేజీ చేసుకొని రావాలె. రాండ్రి, ఊకె కూసోండ్రి."

ఊకె కూసుందామనే పోయిన. గోడలు చూసుకుంట కూసునే కంటె నయం గద.

నేను పోయిన మొదటి శనివారం వచ్చిన చిట్టీ, పేజీ మొత్తం ఒక్కటే రంగు ఉండాలె అని. నేను ఆకుపచ్చ తీసుకున్న. మన పొలంల నాట్లప్పటి ఫోటో, మీ నాయిన ప్లాట్లు అమ్మేటప్పటి కాయితం అట్ట, నా పాత చీర అంచు. వేళ్లకు గమ్ము అంటి మూడు దినాలు పోలే. బిందు ఆ పేజీని దుకాణం గోడకు పెట్టింది. నాకు సిగ్గయింది గని, పాల ప్యాకెట్‌కు పోయినప్పుడల్ల ఒకసారి తొంగి చూసి వస్తుంటి.

ఇంకోసారి, ముఖం లేకుంట మనిషిని చూపియ్యాలె అని వచ్చింది. నేను మీ నాయినను చేసిన. ఎర్ర పెన్నుతోటి ఆయన నంబర్లు ఏసిన లేఔట్ మ్యాపు ముక్క, జేబుల ఎప్పుడూ ఉండే సోంపు పొట్లం, అద్దాలు తుడుచుకునే గుడ్డ. నా పక్కన దుర్గమ్మ అని ఒకామె కూసుంటది. అల్వాల్ల ఒక బళ్లె ఆయా పని చేసి దిగిపోయింది. ఆమె ఆ పేజీ చూసి, "మనిషి ఇప్పుడే లేసి అవుతలికి పోయినట్టున్నది వజ్రమ్మా" అన్నది. ఇంటికొచ్చి మస్తు ఏడ్చిన.

తర్వాత వచ్చిన చిట్టీల 'ఖాళీ జాగ' అని ఉండె. పేజీల పెద్ద ఖాళీ ఉండాలె, అది తప్పు లెక్క కాకుంట అందంగ కనవడాలె. నాకు ఏం బుద్ధి పుట్టిందో, మన పెద్ద ఆల్బం సంకల పెట్టుకొని పోయిన. ఏదన్న ఒక ఫోటో ఏరుకుందామని. బిందు చేతులల్లకు తీసుకొని తెరిచింది.

నీ మొదటి పుట్టినరోజు. కేకున్నది, బుగ్గలున్నయి, మీ నాయిన రెండు చేతులు పైకెత్తిండు. ఆ రెండు చేతుల నడుమ చిన్న పిల్ల తీరు బొక్క. ఇంకో పేజీల బతుకమ్మ ఆడుతున్న పిల్లల వరుస, నడుమ ఒక బొక్క. పేజీ తిప్పినా కొద్ది గదే.

"ఆంటీ, గీ బొక్కలేంది?" అన్నది బిందు.

కత్తెరల చప్పుడు ఆగింది. అందరు నా దిక్కు చూస్తున్నరు.

"మా ఆయన. బిడ్డ మీద కోపంల చేసిండు" అన్న.

దుర్గమ్మకు మండింది. "మనిషేనా? కన్న బిడ్డను గట్ల కోస్తడా? పోతె పోయిండు తియ్యి, పీడ పోయింది" అన్నది. రెండు వారాల ముందు ఆయన పేజీ చూసి గంత మంచిగ మాట్లాడిన మనిషే. నేను తలకాయ వంచుకొని ఇన్న. కాదని ఒక్క మాట అనలే. మోకాలు నొప్పని చెప్పి రెండు శనివారాలు పోవుడు బంద్ చేసిన.

ఇగ అసలు సంగతి రాస్తున్న. పాప నీ ఒళ్లె ఉంటె అవుతలికి పంపి చదువు.

నీ ఫోటోలు కత్తిరించింది మీ నాయిన కాదు బిడ్డా. నేను.

గేటు కాడ మీ పెద్దనాయిన, కులపోళ్లు పదిమంది నిలవడి ఉండంగ మీ నాయిన నిన్ను 'పో' అన్న మాట నిజం. ఆ మాట ఆయనదే, నేను మారుస్తలేను. మీ ఆటో సందు దాటినంక ఆయన ఇంట్లకు రాలే. స్కూటర్ తీసి మేడ్చల్ ఆఫీసుకు పోయిండు. ఓదెలు బావ నన్ను పట్టుకున్నడు. "తల్లివి, నీకు తెల్వకుంటనే అయిందా గిదంత?" అన్నడు. తెల్వదంటె ఒక్కలు నమ్మలే. అప్పుడే బావ నోటితోటి ఇంకో సంగతి బయటవడ్డది. ఎల్లేష్ గురించి నెల ముందే నువ్వు నాయినకు చెప్పినవట. 'మీ అమ్మకు నేను మెల్లగ చెప్త, ఆగు' అన్నడట. నువ్వు చెప్పలే, ఆయన చెప్పలే. తొమ్మిది నెలలు మోసి, పన్నెండేండ్లు జడలేసి, పొద్దుగాల లేసి డబ్బాలు కట్టి, మీ ఇద్దరి నడుమ నేను ఎవరిని అనిపించింది. నువ్వు కులం కానోన్ని చేసుకున్నవన్న కోపం కంటె గదే నన్ను ఎక్కువ కాల్చింది. గిది చెప్పి తప్పించుకోవాలని కాదు. అప్పుడు నా లోపల ఏమున్నదో నీకు తెలువాలె గద.

అందరు పోయినంక కుట్టుమిషన్ కాడి పెద్ద కత్తెర తీసిన. ఆల్బంలు ముంగటేసుకొని కూసున్న. మొదటి ఫోటో కోసేటప్పుడు ఏడుపొచ్చింది. పది దాటినంక రాలే. రవికె గుడ్డ కోసినట్టు, అంచుల పొంటి మంచిగ కోసిన. మొత్తం ముప్పై ఒకటి.

మీ నాయిన వచ్చి గడపల నిలవడ్డడు. కింద ముక్కలు చూసిండు. "వజ్రా, ఏం చేస్తున్నవే" అన్నడు. నేను లేసి చీపురుతోటి ఊడ్చి, చాటల ఎత్తి, వాకిట్ల చెత్తబుట్టల పోసి వచ్చిన.

రెండు నెలలకు నువ్వు ఫోన్ చేసినవ్. సర్టిఫికెట్లు, చిన్నప్పటి ఫోటోలు నాలుగు పంపమన్నవ్. నేనేం చెప్పాలె? "మీ నాయిన అన్నీ కత్తిరించిండు. ఇగ నీయి ఇక్కడ ఏం లెవ్వు" అన్న. అన్నంక వెనకకు తీసుకునే ధైర్యం రాలే.

అదే సాయంత్రం నువ్వు ఆయనకు చేసినవ్. ఆయన అన్నం కాడ కూసున్నడు. నీ గొంతు నాకు గూడ ఇనవడ్డది. "నా ముఖం కోసేస్తె నీ పరువు నిలవడ్డదా నాయినా?" అన్నవ్. ఆయన నా దిక్కు చూసిండు. నేనేం చెప్పిన్నో ఆయనకు అప్పుడే సమజైంది. నేను కాదు బిడ్డా అంటె అయిపోతుండె. అనలే. నువ్వు పెట్టేసినంక గూడ ఫోన్ చెవి కాడనే పట్టుకొని ఉన్నడు.

"ఎందుకు చెప్పలే?" అని నేనే అడిగిన, సిగ్గు లేకుంట.

"గేటు కాడ నేనన్న మాటకు దానికి నా మీద కోపం ఎట్లనూ ఉన్నది. గిది గూడ నా మీదనే ఉండనియ్యి. బిడ్డకు నువ్వన్న కావాలె" అన్నడు. మంచినీళ్లు తాగి, చెయ్యి కడుక్కున్నడు.

ఆయన నీ కోసం నన్ను మిగిలించిండు. నేను నీకు అట్ల గూడ మిగలలే. తర్వాత నువ్వు నంబరు మార్చినవ్. నేను ఎతుకలే.

ఇగ నీ రెండో మాట. నాయిన నిన్ను అడిగిండా అని.

అడిగిండు. ఊపిరితిత్తులల్ల నీళ్లు చేరి అల్వాల్ల దవఖాన్ల తొమ్మిది దినాలున్నడు. మూడో దినం, "వాపి ఎంత దూరం ఉంటది?" అన్నడు. వాపి అంటె ఏందో అప్పటికి నాకు తెల్వదు. ఎల్లేష్‌ను ఎరికున్న ఒక క్యాబ్ డ్రైవర్ కాడ మీ జాడ తెలుసుకున్నడట. నీ నంబరు ఒక కాయితం ముక్క మీద రాసి జేబుల పెట్టుకున్నడు. అది నా చేతికిచ్చి, "నేను చేస్తె ఎత్తదు. నువ్వు చెయ్యి. ఒక్కపారి వచ్చిపొమ్మను" అన్నడు.

నేను ఫోన్ తీసుకొని వరండలకు పోయిన. పది అంకెలు కొట్టిన. పచ్చ గుండీ ఒత్తలే. నువ్వొచ్చి ఆయన పక్కన కూసుంటె, మీరిద్దరు మాట్లాడుకుంటె, నా అబద్దం బయటవడ్తది. మనిషి పోతున్నడని తెలిసి గూడ నాకు గదే భయమున్నది. లోపలికొచ్చి, "ఎత్తుతలేదు" అన్న. మర్నాడు మళ్ల అడిగిండు. ఎత్తుతలేదన్న. ఐదో దినం, "పనిల ఉన్నదేమో" అని ఆయననే నీ తరపున చెప్పుకున్నడు. ఏడో దినం నుంచి అడుగుడు బంద్ చేసిండు.

నువ్వు రాలేదని చావు కాడ అందరు నిన్ను తిట్టిన్రు. నేను ఆడనే కూసోని ఇన్న. నిన్ను పిలిచిందెవరు, నువ్వు రానీకి? మూడు నెలలకు గుండె గట్టిచేసుకొని ఆ నంబరుకు చేసిన. అది ఇప్పుడు పని చేస్తలేదని చెప్పింది ఫోన్‌ల ఆడిమనిషి.

నేను బిందు కాడికి పోవుడు బంద్ చేసిన రెండో వారంల, నాయిన ఆఫీసు షట్టర్ ఖాళీ చెయ్యాలని ఓనర్ కబురు పెట్టిండు. ఓదెలు బావ బల్లలు, కుర్చీలు తీసుకపోయిండు. నేను సొరుగులు చూసిన. అడుగున ఒక లేఔట్ బ్రోచర్ కవర్ ఉన్నది. బరువు లేదు, ఖాళీదే అనుకున్న. దులిపితె నా ఒళ్లె నువ్వు పడ్డవ్. ఏడాది పిల్లవు, బడికి పోయే పిల్లవు, ఇంటర్ల జడలేసుకున్న పిల్లవు. పదకొండు ముక్కలు. నేను చెత్తబుట్టల పోసినయి ఆయన ఏరుకున్నడు. దొరికినన్ని ఏరుకున్నడు. ఒకదాని మీద చాయపత్తి మరక ఇంక ఉన్నది. యాదగిరిగుట్ట ఫోటోల ముక్క మీద నీ భుజం కాడ నాలుగు వేళ్లున్నయి. ఎవరియా అని చూస్తె నాయే. నీ భుజం మీద చెయ్యేసుకొని నిలవడ్డ అప్పుడు. నిన్ను కోసేటప్పుడు నా వేళ్లు గూడ కోసుకున్న, చూసుకోలే.

ఆ షట్టర్ల కింద కూసోని ఎంతసేపు ఏడ్చిన్నో, బావ వచ్చి లేపిండు. ఆయనకు ఆడనే చెప్పిన, అన్నీ. "ఇప్పుడెందుకు వజ్రమ్మా, పోయినోడు పోయిండు" అన్నడు. మళ్ల తనే, "మరి గా పిల్లను మేమెందుకు తిడితిమి" అన్నడు. తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నడు.

శనివారం బిందు దుకాణానికి పోయిన. అందరి నడుమ నిలవడి, "మా ఆయన కాదు. నేను కోసిన. ఆయన మీద పెట్టిన" అన్న. దుర్గమ్మ తన అట్ట, కత్తెర తీసుకొని ఆ దిక్కు గోడ కాడికి జరిగింది. ఇప్పటి వరకు నాతోటి మాట్లాడలే. ఆమె తప్పేం లేదు. బిందు గమ్ము డబ్బా తెచ్చి నా ముంగట పెట్టింది.

"అతుకు కనవడకుంట చెయ్యొచ్చాంటీ. కంప్యూటర్ల పెట్టి మళ్ల ప్రింట్ తీస్తె అసలు తెల్వదు. చేద్దామా?"

"వద్దు బిడ్డా. కనవడనియ్యి."

పదకొండు పేజీలు చేసిన. అర్ర నిండ మనుషులుండంగ నిన్ను నీ జాగల పెట్టుడు, ఒక్కొక్క పేజీకి ఒక్కొక్క శనివారం పట్టింది. నీ ఉత్తరం రాకముందే చేసిన. ఎక్కడికి పంపాలెనో తెల్వకుంటనే చేసిన. మిగిలిన ఇరవై ఫోటోలల్ల ఖాళీలు ఖాళీలుగనే ఉన్నయి. వాటి కింద నాకు యాదికున్నంత రాసిన. ఇక్కడ నువ్వు పసుపుపచ్చ గౌను ఏసుకున్నవ్. ఇక్కడ చెప్పు తెగిందని ఏడుస్తున్నవ్. ఇక్కడ నాయిన నిన్ను నవ్విపిస్తున్నడు. పాపకు తెలుగు చదువరాదని రాసినవ్ గద, నువ్వే చదివి చెప్పాలె.

ఆరేండ్ల ఈడుల నీ ఫోటో ఐదో పేజీల ఉన్నది. బడి యూనిఫాం, ముంగట రెండు పండ్లు లెవ్వు. పాప నీ పోలికనో కాదో నువ్వే చూసి చెప్పాలె. నేను పాపను చూడలే.

పుస్తకం ఈ ఉత్తరంతోటే పంపుతున్న. ముందు ఉత్తరం చదువు, తర్వాత పాపకు చూపియ్యి. నన్ను క్షమించుమని రాయబోయి రెండుసార్లు కొట్టేసిన. నాయినకు చేసిన దానికి నిన్నెట్ల అడుగుత? నీ కోపం ఇన్నేండ్లు తప్పు మనిషి మీద ఉన్నది. ఆయన మీదికెళ్లి అది తీసెయ్యి, గంతే అడుగుత.

వచ్చే నెల పదకొండున నాయిన సంవత్సరీకం. కార్యం ఊర్ల పెద్దనాయిన ఇంట్ల చేస్తున్నరు. అది అయిపోంగనే నేను అటునుంచి అటే అల్వాల్ల మీ చిన్నమ్మ ఇంటికి పోత. నాలుగు దినాలు ఆడనే ఉంట. మనింటి తాళంచెవి బిందు కాడ ఉంటది, నీ పేరు చెప్పి ఉంచిన. నువ్వు, ఎల్లేషు, పాప రాండ్రి. ఇంట్ల ఎవ్వరుండరు, మిమ్ముల ఎవ్వరు ఏమనరు. ముందర్రల నాయిన ఫోటో ఉన్నది. దాని ముంగట కూసోని ఎంతసేపు మాట్లాడుకుంటవో మాట్లాడుకో. బియ్యం, పప్పు డబ్బాలల్ల నింపి పెడ్త. పాపకు పాలు ఫ్రిజ్‌ల ఉంటయి. పోయేటప్పుడు తాళమేసి చెవి బిందుకే ఇయ్యి.

నన్ను గూడ ఉండుమంటె ఉంట. ఆ మాట నువ్వు రాస్తెనే.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
వజ్రమ్మ